ముగ్గునకు లేని యాక్షేపణ చిత్రమున కేల?

చిత్రలేఖనము జీవనోపాధిగా గలవారు మాత్రమే చిత్రకారులనియు, తక్కినవారు గీయునదంతయు పొద్దుపోని పనియనియు మన విద్యావంతుల కుటుంబములలో నొక యభిప్రాయము గట్టిగా పాతుకొని యున్నది. ఇతర కళల విషయమున మనమింత కఠినులము కాము. పూజాసమయమున కీర్తన పాడుకొను గృహిణిని "నీవు కచేరీలు చేయుదువా?" అని యెవ్వరును నిలదీయరు. ఉద్యోగము చేసికొనుచు పద్యములల్లు గుమాస్తాను మందలింపకపోగా పెండ్లిపందిటిలో పిలిచి పంచరత్నములు చదివింతుము. బొమ్మ గీసినవారి కడకు వచ్చునప్పటికి మాత్రము మన సహృదయత యెచ్చటికో పోయి, లెక్కలడుగు బుద్ధి మేలుకొనును. ఈ బుద్ధి యన్యాయమైనదనియు, దీనివలన నష్టపడుచున్నది చిత్రకళ యొక్కటియే కాక మన గృహజీవనము కూడ ననియు చెప్పుట మా యుద్దేశము.

మాట గాలిలో నుండకుండుటకు ఒక యుదాహరణము చెప్పుదుము. ఇటీవల మేమెరిగిన యొక చిన్న పట్టణమున, గ్రంథాలయపు మేడగదిలో, నలువదియేండ్లు దాటిన యొక గృహిణి గడచిన రెండు సంవత్సరములలో తాను చేసిన చిత్రములను మూడు దినములపాటు ప్రదర్శించినది. ఆమె పేరు ప్రతి చిత్రము క్రిందను స్పష్టముగనే యున్నది. అచ్చటికి పోయినవారు చదువుకొనిరి. ఇచ్చట చర్చింపవలసినవి ఆమె పనియు, ఆ పనిని చూచినవారి మాటలును.

చిత్రములు మొత్తము 22. వానిలో 14 పెన్సిలుతోను బొగ్గుతోను గీసినవి. ఆ బొగ్గు కొన్నది కాదు. ఎండు చింతపుల్లలను మూతగల డబ్బాలో నుంచి కాల్చి ఆమెయే చేసికొన్నది. గీసిన వస్తువులన్నియు ఇంటిలోనివి, వీధిలోనివి: చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచున్న ముసలిచేతులు, గోడకు చేరవేసిన మడతమంచము, గ్యాసుబండపై ఆరవేసిన మసిగుడ్డ, ఇస్త్రీబండి క్రింద నిద్రించు కుక్క. అన్నియు సమానముగ బాగున్నవని మేమనము. కొన్నింట మనుష్యుల మెడలు బిగుసుకొని యున్నవి. దగ్గరి వస్తువునకును దూరపు వస్తువునకును గీత యొకే మందమున సాగుటచే రెండు మూడు చిత్రములు బల్లపరుపుగ తోచినవి. కాని ఆ ముసలిచేతులను గీసిన కన్ను అబద్ధమాడునది కాదు. బొటనవ్రేలి గోరు కాయకొనను పట్టి లాగునప్పుడు మణికట్టు ఎట్లు తిరుగునో యామెకు తెలియును, తెలిసినదానినే గీసినది.

మిగిలిన 8 మిశ్రమమాధ్యమ చిత్రములు. అనగా రంగుతోబాటు గుడ్డ, కాగితము, రేకు మొదలగు పలు వస్తువులను కలిపి కూర్చినవి. చిరిగిన నేతచీరల యంచులు, కరెంటు బిల్లులు, దర్జీ విడిచిన కత్తిరింపులు, టీ డికాక్షను మరకలు, ఎఱ్ఱమన్ను, నీలిమందు, ఇవి యామె సామగ్రి. వీనిలో నొకదానిని గూర్చి ప్రత్యేకముగ చెప్పవలయును. ఆమె యత్తగారు మూడుమాసములు మంచముననుండి గతించినది. ఆ మూడుమాసములలో వాడిన మాత్రల యట్టల నామె దాచి, వెండిరేకు పైకి కనబడునట్లు నల్లని దళసరి కాగితముపై వరుసలుగ నతికినది. ఒక్కొక్క మాత్రగుంట నొక్కొక్క చుక్కగ నెంచి, బియ్యపుపిండిని బంకతో కలిపిన తెల్లని రంగుతో వాని చుట్టును ముగ్గు తిప్పినది. పై వరుసలలో రేకంతయు చిట్లి గుంటలు ఖాళీగ నున్నవి. చివరి వరుసలో నాలుగింటి రేకు చిట్లలేదు. ముగ్గుగీత ఆ నాలుగింటిని కూడ చుట్టివచ్చి ముగిసినది. ఆ చిత్రమున కామె పేరేమియు పెట్టలేదు.

ఇక చూడవచ్చినవారి మాటలు వినుడు. ఒక పెద్దయుద్యోగి, "వీటి ధర యెంతమ్మా?" అని యడిగెను. అమ్మకమునకు కావని చెప్పగా, "మరి యెందుకు వేసినట్లు?" అని యాశ్చర్యపడెను. చిత్రవిద్య తెలిసినవాడని పేరుపడిన వేరొకరు, "ఏ కాలేజీలో నేర్చుకున్నారు?" అనిరి. ఎచ్చటను నేర్వలేదని యామె చెప్పిన పిమ్మట ఆయన తక్కిన చిత్రములకడ నిలువలేదు, మాత్రల యట్టలను మాత్రము చూచి, "అట్టముక్కలు అతికించడం కూడా చిత్రకళేనా?" అని నవ్వి వెడలిపోయెను. ఆమె బంధువర్గములోని యొక పెద్దావిడ, "నీకింత తీరిక ఎక్కడ దొరికిందే అమ్మాయ్?" అని బుగ్గ నొక్కుకొన్నది. తక్కినవారిలో పెక్కుమంది గుమ్మముకడనే నిలిచి, "చాలా బాగున్నాయి" అని చెప్పి, ఏది బాగున్నదో చూడకయే మరలిపోయిరి. వెల, గురువు, సామగ్రి, తీరిక, మెప్పు: ఈ యైదింటియందును మన సమాజపు చూపు ఎట్లు వక్రించినదో క్రమముగ పరీక్షింతము.

అమ్మని వస్తువును చేయుట యెందుకని యడుగువారు, ఉదయమునుండి రాత్రివరకు తమ యింట జరుగు పనులలో నెన్ని యమ్మకమునకు జరుగుచున్నవో లెక్కించి చూతురుగాక. బిడ్డకు జోలపాడుట, పెరటిలో మల్లెపందిరి వేయుట, పండుగనాడు గడపకు పసుపు పూయుట, వీనికి వెల యెవ్వరు కట్టుచున్నారు? వెల లేనిదెల్ల వ్యర్థమైనచో మన యిండ్లలో మిగులునది అద్దె యొక్కటియే. ఇట్టి కళాకారులను ఆంగ్లమున 'అమెచ్యూర్' అందురు. ఆ మాట ఫ్రెంచిభాష ద్వారా వచ్చినది. దాని లాటిను మూలమునకు ప్రేమించువాడని యర్థము. మనము ఔత్సాహికులనినను తాత్పర్యమట్టిదే. ప్రేమచే చేయబడినదని చెప్పు మాటను, సరిగా చేయబడలేదను అర్థమున వాడుకొనుట మన కాలము చేసిన తప్పుడు తర్జుమా.

ఇంగ్లండున మేరీ డిలేనీ యను నామె 1700లో జన్మించినది. 1768లో భర్తను కోల్పోయినది. డెబ్బదిరెండవ యేట, కాగితములను సన్నని తునకలుగ కత్తిరించి, నల్లని కాగితముపై నతికి, పుష్పములను రూపొందించు పనికి పూనుకొన్నది. ఒక్కొక్క పుష్పమునకు వందలకొలది తునకలు పట్టెడివి. కంటిచూపు తగ్గి 1782లో ఆ పని మానునప్పటికి సుమారు వేయి పుష్పచిత్రములు తయారయ్యెను. వృక్షశాస్త్రమున ప్రసిద్ధుడైన జోసెఫ్ బ్యాంక్స్ వాని యథార్థతను మెచ్చెను. నేడవి బ్రిటిషు మ్యూజియమున భద్రముగ నున్నవి. డెబ్బదిరెండేండ్ల వితంతువు కత్తెర చేతబట్టి కూర్చుండినప్పుడు, "అమ్మా, దీనికి బజారున నేమి వచ్చును?" అని యడిగి చేయి పట్టుకొను బంధువులు ఆమెకు లేకపోవుట లోకముయొక్క యదృష్టము.

వృత్తిచిత్రకారులను మేము తక్కువ చేయుచున్నామని యెవ్వరును భ్రమపడరాదు. వారి కూలి వారికి ముట్టవలసినదే. ఇప్పటికంటె నెక్కువ ముట్టవలయును. కాని ఔత్సాహికులు పెరిగినచో వృత్తివారికి నష్టము కలుగునను వాదము తలక్రిందులుగ నున్నది. ఒక చేతిని కాగితముపై నిలుపుటకు పదిసార్లు తుడిచి పదునొకండవసారి గీచిన గృహస్థునకే చిత్రకారుని చేతికి వెల యేల యంతయో తెలియును. వీధిలో వీణ నేర్చువారు లేని యూరిలో వైణికునకు శ్రోతలుండరు. పెన్సిలు పట్టనియింట చిత్రమునకు గోడ యుండదు. క్యాలెండరు మేకు మాత్రముండును.

రెండవ ప్రశ్న గురువును గూర్చినది. శిక్షణ యక్కరలేదని మేమనము. శరీరనిర్మాణము, వెలుగునీడలు, దూరసామీప్యములు గీతయం దెట్లు తోచునో నేర్పువారుండిన కాలము కలిసివచ్చును. మేము పైన నెత్తిచూపిన బిగుసుకొన్న మెడలు మంచి యుపాధ్యాయుని కడ ఆరుమాసములలో వదులు కావచ్చును. కాని "ఎక్కడ నేర్చితివి?" అను ప్రశ్న రెండువిధములుగ నుండును. నేర్పుటకై యడుగుట యొకటి. చూడకుండ తప్పించుకొనుటకై యడుగుట వేరొకటి. మన పట్టణములలో వినబడునది రెండవది.

పారిస్ నగరమున సుంకపు కచేరీలో ఉద్యోగియైన ఆన్రీ రూసో ఏ కళాశాలయందును చదువలేదు. 1886నుండి ఆయన తన చిత్రములను స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనములో నుంచుచుండగా జనులు నవ్వుటకే వచ్చెడివారు. 1893లో ఉద్యోగము విడిచి మిగిలిన జీవితమంతయు చిత్రములకే యర్పించెను. ఆ నవ్వినవారి పేర్లు నేడెవరికిని తెలియవు. రవీంద్రనాథ ఠాకూరు తన వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను కలుపుచు కలుపుచు వింతరూపములను కల్పించి, అరువదియేండ్లు దాటిన పిమ్మట చిత్రలేఖనమున మునిగెను. 1930లో పారిస్‌లో ఆయన చిత్రముల తొలి ప్రదర్శనము జరిగెను. మరణించునప్పటికి రెండువేలకు పైగ చిత్రములను విడిచెను. ఆ కుటుంబముననే సునయనీదేవి, అవనీంద్ర గగనేంద్రుల సోదరి, ముప్పదియేండ్ల ప్రాయమున, సంసారభారము నడుమ, ఎవరివద్దను శిక్షణ పొందకయే కుంచె పట్టినది. అన్నలిద్దరు ప్రసిద్ధులైన యింట ఆమెకు పాఠశాల లేదు, కన్నులు మాత్రముండెను. 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనములో ఆమె చిత్రములును నిలిచినవి.

మన తెలుగునాట సంగతి చూడుడు. తుమ్మపూడి గ్రామమున నివసించి, 1999లో గతించిన సంజీవదేవ్ కళను గూర్చి ఎన్ని వ్యాసములు వ్రాసెనో అందరెరుగుదురు; ఆయన పల్లెలో కూర్చుండి రంగుబలపములతో ఆకాశమును, కొండలను తన యానందమునకే చిత్రించుకొనెను. రాజమహేంద్రవరమున ఆంగ్లము బోధింపవచ్చి కళాశాలాధ్యక్షుడుగ నుండిన కూల్డ్రే దొర వృత్తిచే చిత్రకారుడు కాడు. కాని దామెర్ల రామారావు బాల్యమున గీయుచున్న గీతలను నిలిచి చూచినవాడాయన; చదువులో వెనుకబడిన బాలుని బొంబాయి చిత్రకళాశాలకు పోవునట్లు ప్రోత్సహించినవాడాయన. అడివి బాపిరాజును కూడ ఆయన శిష్యకోటిలోనివాడే. రామారావు 1925లో ఇరువదియెనిమిదవ యేటనే మరణించినను ఆంధ్ర చిత్రకళకు పేరు తెచ్చిపోయెను. ఆ బాలుని కూల్డ్రే దొర "నీ గురువెవ్వరు?" అని మాత్రమే యడిగి ముందునకు నడచిపోయినచో మన కేమి మిగిలియుండెడిది? చూచువాని యొక్కని కన్ను ఒక తరమును నిలుపగలదు. చూడని కన్ను ఒక తరమును చల్లార్పగలదు.

ఇక అట్టముక్కల యాక్షేపణ. మిశ్రమమాధ్యమము పాశ్చాత్యుల వెఱ్ఱియని మనవారిలో కొందరనుకొందురు. 1912లో పికాసో తన చిత్రముపై అచ్చువేసిన నూనెగుడ్డను అతికి, చుట్టును త్రాడు బిగించిన మాట నిజమే. ఆ యేడే బ్రాక్ కాగితములతికి చిత్రములు చేసిన మాటయు నిజమే. కాని పలువస్తువులను కలుపుట మనకు వారు నేర్పిన విద్య కాదు. చేర్యాల నకాషీలు ఖద్దరుగుడ్డపై గంజి, సుద్దమన్ను, చింతగింజల బంక పట్టించి దానిపై కథలు వ్రాయుదురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ కషాయమునను పాలయందును తడిపి, తుప్పుపట్టిన ఇనుమును బెల్లముతో దినములకొలది నీట నానవేసి నల్లరంగు తీయుదురు. మన తోలుబొమ్మలు మేకతోలున వెలుగును పట్టినవి. ఏ వస్తువు దేనితో కలిసి నిలుచునో తెలిసికొనుటయే మన కళాకారుల సగము విద్య.

పారవేసిన వస్తువులకు కళలో చోటులేదనువారు చండీగఢ్ పోయి చూతురుగాక. నేక్‌చంద్ అను రోడ్డు ఇన్‌స్పెక్టరు 1957 ప్రాంతమునుండి ప్రభుత్వపు అటవీభూమిలో, పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, కూల్చిన యిండ్లనుండి వచ్చిన రాళ్లు తెచ్చి, సుమారు 18 ఏండ్లు రహస్యముగ వందలకొలది బొమ్మలను నిలిపెను. అధికారులు కనుగొన్నప్పుడు దానిని కూల్చుటకు చట్టము చాలును. కాని చూచినవారి మనసు ఒప్పలేదు. 1976లో అది ప్రజలకు తెరవబడెను. 1984లో ఆయనకు పద్మశ్రీ నిచ్చిరి. అందరును ఈ కథను వింతగ చెప్పుకొందురు. మాకు వింతగ తోచునది ఆ రహస్యము. పగలు కొలువు చేసి, రాత్రి బొమ్మలు చేయు మనుష్యుడు పదునెనిమిదేండ్లు ఊరినుండి దాగవలసి వచ్చెను. భూమి ప్రభుత్వముది గనుక ఆయన దాగెను. మన గృహిణులు తమ సొంతయింట దాగవలసినంత నేర మేమి చేసిరి? ఎన్ని యిండ్లలో ట్రంకుపెట్టెల యడుగున, పాతచీరల క్రింద, పెండ్లికి పూర్వము గీసిన చిత్రపుస్తకములు చెదలుపట్టుచున్నవో చదువరులు తమ తల్లుల నడిగి తెలిసికొనవచ్చును.

ఇప్పుడు తీరికను గూర్చిన ప్రశ్నకు వత్తము. అన్నింటిలో పదునైనది ఇదియే. ఏలయన నిది ప్రేమగలవారి నోటనుండి వచ్చును. ఆ గృహిణి గీచినది మధ్యాహ్నము రెండుగంటలకును పిల్లలు బడినుండి వచ్చు వేళకును నడుమ. ఆ సమయమున నిద్రించినయెడల ఎవరేని యాక్షేపింతురా? టెలివిజను ధారావాహికను చూచినయెడల నాక్షేపింతురా? ఆ యింటి పురుషుడు ఆదివారమంతయు పేకాటలో గడపిన "నీకింత తీరిక యెక్కడిది?" అని యడుగు బంధువును మేమింతవరకు చూడలేదు. తీరిక తప్పు కాదన్నమాట. తీరికను దేనికి వినియోగించిరన్నదే తప్పు.

ఆ తప్పేమో ముగ్గు చెప్పును. ప్రతి ఉదయము మన వాకిళ్లలో లక్షలకొలది స్త్రీలు చుక్కలు పెట్టి గీతలు కలుపుచున్నారు. సంక్రాంతినెలలో గంటలకొలది వంగి రథములు తీర్చుచున్నారు. లెక్క తప్పని సౌష్ఠవము, తడబడని చేయి, ఎత్తని గీత: చిత్రకళాశాలలు నేర్పదలచు గుణములన్నియు అందున్నవి. దీనికి గురువెవ్వరని యడుగము. వెల యెంతయని యడుగము. తీరిక యెక్కడిదని యడుగము. వేయనినాడే యడుగుదుము. అదే స్త్రీ అదే చేతితో, అదే గీతను కాగితముపై నుంచి, క్రింద పేరు వ్రాసినప్పుడు మాత్రము ఇల్లంతయు ఉలికిపడును. ఏల? ముగ్గు మధ్యాహ్నమునకు చెరిగిపోవును, కాగితము నిలుచును. ముగ్గు ఇంటిది, చిత్రము ఆమెది. మన కుటుంబములు ఆక్షేపించునది చిత్రమును కాదు, సంతకమును. ఈ రెండుగంటలు నావి, ఈ చూపు నాది, అని చెప్పు ఆ చిన్న యక్షరములను మనము సహింపలేకున్నాము. ఆ యసహనమునకు వెల, గురువు, తీరిక యని మూడు మర్యాదగల పేర్లు పెట్టుకొంటిమి.

సంతకము వచ్చిన తరువాత నేమగునో మిథిల చెప్పగలదు. బీహారులోని ఆ ప్రాంతపు స్త్రీలు పెండ్లిగది గోడలపై చిత్రములు వ్రాయుట తరతరముల యాచారము. 1934 భూకంపమున గోడలు కూలినప్పుడు ఆర్చర్ అను ఆంగ్లాధికారి వానిని చూచి అబ్బురపడెను. 1966-67లో క్షామము వచ్చినప్పుడు అఖిలభారత హస్తకళామండలి పంపగా భాస్కర్ కులకర్ణి యను చిత్రకారుడు పోయి ఆ స్త్రీల చేతికి కాగితము లిచ్చెను. గోడమీద నెవరిదో తెలియని చిత్రము కాగితముపై సీతాదేవిది, జగదంబాదేవిది, గంగాదేవిది యయ్యెను. 1975లో జగదంబాదేవిని పద్మశ్రీతో గౌరవించిరి. ఇందు ఆకలి ప్రేరణము కలదు, అమ్మకమును కలదు, దానిని దాచము. కాని గంగాదేవి యంతటితో నాగలేదు. అమెరికా పోయినప్పుడు తానెక్కిన రోలర్ కోస్టరును, క్యాన్సరుకు చికిత్స పొందిన ఆసుపత్రిని, ఆ ప్రాచీనపు గీతతోనే చిత్రించినది. పెండ్లిగోడపై వ్రాయునపుడు ఆమె వంశాచారమును వ్రాసినది. కాగితముపై తన జీవితమును వ్రాసినది. మాత్రల యట్టలచుట్టు ముగ్గు తిప్పిన మన గృహిణి ఆమెకు దూరపు చెల్లెలు కాదా?

తీరికయే లేని స్త్రీల మాటయేమని కొందరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్న. నాట్లువేసి, ఇంటికి వచ్చి వండి, నీళ్లు మోయు స్త్రీకి ఈ రెండుగంటలును లేవు. అందుచేత ఉన్నవారి చేతినుండి పెన్సిలు లాగివేయవలెనా, లేనివారికి గంటలు సంపాదించి పెట్టవలెనా? మొదటిది అసూయ, రెండవది సంస్కారము. పంపునీరు, వంటగ్యాసు, ఇంటిపనిలో పురుషుని పాలు, వీనికై పోరాడుట చిత్రకళకై పోరాడుటయు నగును. ఇది స్త్రీల సమస్య మాత్రమే యనియు తలపరాదు. పింఛను పుచ్చుకొని రంగులపెట్టె కొనుక్కొన్న బడిపంతులును చూచి మనుమలు నవ్వుచున్నారు. లెక్కల పుస్తకపు అంచులలో బొమ్మలు గీయు బాలుని చేతిపై బెత్తము పడుచున్నది.

కడపట మెప్పును గూర్చి. "చాలా బాగున్నాయి" అను మాట నిందకంటె నెక్కువ హాని చేయును. నింద వినినవాడు తన చిత్రమును మరల చూచుకొనును. ఇట్టి మెప్పు వినినవాడు తాను ఒంటరియని తెలిసికొనును. చిత్రమును చూపువాడు కోరునది బిరుదు కాదు. తాను చూచినదానిని మరియొకరు చూచిరా యని తెలిసికొనుట. కావున చూచువారు ఒక్క చిత్రముకడనైనను పూర్తిగ నిలువవలయును. ఈ చేతులు నిజముగ నున్నవి, ఈ మెడ బిగుసుకొన్నది, ఈ నీలము ఎఱ్ఱమన్ను ప్రక్క నేల కాంతించుచున్నదో తెలియకున్నది, అని చెప్పుటకు పాండిత్య మక్కరలేదు, ఐదునిమిషములు చాలును.

చిత్రములు చేయువారితోడను రెండుమాటలు చెప్పకున్నచో ఈ వాదము ఒంటికంటిదగును. సినిమాతారల ఛాయాచిత్రములను గళ్లు గీసి పెంచి వ్రాయుటయే మన ఔత్సాహికులలో ననేకులకు పరమావధిగ నున్నది. ఆ సాధనము చేయిని నిలుపును గాని కన్నును నిద్రపుచ్చును. ఇంటిలోని చెంబును పదిసార్లు గీయుడు. చిత్రము వెనుక తేదీ వేయుడు. రెండేండ్ల పిమ్మట మీ ప్రగతికి అదియే సాక్షి. చెడినవానిని గూడ కొన్నింటిని చూపుడు. మిశ్రమమాధ్యమమున పనిచేయువారు తమ వస్తువుల స్వభావము నెరుగవలయును. వార్తాపత్రిక కాగితము కొలదికాలమునకే పసుపెక్కి పెళుసుబారును. పసుపుతో వేసిన రంగు ఎండ సోకిన వెలిసిపోవును. మైదాపిండి జిగురు పురుగులను పిలుచును. అందుకే పుస్తకములు కుట్టువారు దానిలో మైలుతుత్తము కొంచెము కలుపుదురు. అది విషము గనుక పిల్లలకు దూరముగ నుంచవలయును. నిలువవలసిన చిత్రమునకు నిలుచు వస్తువులను, రాలిపోవుటయే భావమైన చిత్రమునకు రాలు వస్తువులను ఎంచుకొనుట కళాకారుని బాధ్యత. ప్రేమతో చేసితిమనుట అజాగ్రత్తకు క్షమాపణ కాజాలదు.

చదువరులారా, మేము కోరునది గొప్ప త్యాగము కాదు. ప్రతియింట ఒక గోడలో ఒక మూర, దినమున రెండుగంటలు, అడుగకుండ తెరువరాని యొక పెట్టె. ప్రతి గ్రంథాలయమున ఏడాదికి మూడు దినములు ఆ యూరివారి చిత్రములకు. ఈ దసరాకో సంక్రాంతికో మీ యింట బొమ్మలకొలువు తీర్చునప్పుడు, కొండపల్లి బొమ్మలకును పింగాణీ బొమ్మలకును నడుమ ఒక మెట్టు ఇంటివారి చిత్రములకు విడువుడు. పేరంటమునకు వచ్చినవారు వెల యడిగినయెడల నవ్వి యూరకుండుడు. మీరు మాత్రము గీసినవారి ప్రక్కన కూర్చుండి, చిత్రము క్రింది పేరును పైకి చదివి, "దీన్ని నువ్వెక్కడ చూశావు?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమున, ఇన్నేండ్లుగ ఒకే కప్పుక్రింద నుండియు మీరు వినని మాట యొకటి తప్పక యుండును.